పని చేసి అరిగిన అందం

పాత వస్తువు కంటికి నచ్చగానే కొనేస్తాం. అదేమిటో, ఎక్కడిదో, ఎవరి చేతుల్లో ఎలా బతికిందో తెలుసుకోవాలన్న ఆలోచన తర్వాతెప్పుడో వస్తుంది. ఒక్కోసారి రానే రాదు. ఇంటి అలంకరణ మీద పెట్టిన డబ్బు వృథా అయ్యేది చాలావరకు ఇక్కడే. నచ్చడం తప్పని నేననను. నచ్చడానికీ కొనడానికీ మధ్య చూడటం అనే పని ఒకటుంది, దాన్ని దాటేయకండి అంటున్నాను. ఈ అధ్యాయమంతా ఆ చూడటం గురించే.

ఉదాహరణగా ఫ్రాన్స్ పల్లెల పాత మొక్కల కుండీలు, తొట్లు, ఇంటి సామాను తీసుకుంటున్నాను. 'ఫ్రెంచ్ కంట్రీ' అనే పేరు మీద వాటి నకళ్లు ఇవాళ దేశదేశాల ఫర్నిచర్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఇన్ని నకళ్ల మధ్య అసలును పట్టుకోగలిగిన కన్ను ఇంకెక్కడైనా పనికొస్తుంది. ఆ కన్ను అలవడటానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. ఏ పాత వస్తువు ముందు నిలబడినా 'ఇది ఏ పని చేసేది?' అని అడగండి. దానికి జవాబు దొరికితే దాని వయసు, దాని ధర, మన ఇంట్లో దాని చోటు, దాన్ని చూసుకోవాల్సిన తీరు ఒక్కొక్కటిగా తెలిసివస్తాయి.

దక్షిణ ఫ్రాన్స్‌లో సెవెన్ కొండల దిగువన ఆండ్యూజ్ అనే చిన్న ఊరుంది. తోటల మీద మక్కువ ఉన్నవాళ్లకు ఆ ఊరి పేరు చెబితే ముందు గుర్తొచ్చేది కుండీయే. కింద సన్నని పీఠం, పైకి పోయేకొద్దీ విచ్చుకునే ఒళ్లు, మందంగా మడిచిన అంచు, నడుము చుట్టూ వేలాడే పూలదండలు, దండల మధ్య గుండ్రటి ముద్రలో కుమ్మరి కుటుంబం పేరు. 17వ శతాబ్ది మొదట్లో బొకేర్ అనే ఊరి సంతకు వెళ్లిన ఒక కుమ్మరి అక్కడ ఇటలీ నుంచి వచ్చిన మెడిచి తరహా కలశం చూసి, ఊరికి తిరిగొచ్చి ఆ రూపాన్ని తన మట్టిలో చేశాడని ఆండ్యూజ్‌లో చెప్పుకుంటారు. అసలు మెడిచి కలశం రోమన్ల కాలపు పాలరాతి పాత్ర. అది ఇప్పుడు ఫ్లారెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. రాజుల తోటకు తగిన ఆ రూపం కొండకింది ఊళ్లో ఎర్రమట్టితో, సారె మీద మళ్లీ పుట్టింది.

ఈ కుండీ పని ఏమిటి? నిమ్మ, నారింజ చెట్లను పెంచడం. అవి చలికి ఓర్వలేవు కాబట్టి ఎండాకాలం బయట, చలికాలం లోపల పెట్టాలి. అందుకే నేలలో నాటకుండా కుండీలో పెంచేవారు. చెట్టంత బరువు మోయాలి కాబట్టి గోడ మందం. వేరు కుళ్లకూడదు కాబట్టి అడుగున రంధ్రం. ఇక రంగు సంగతి. పచ్చిమట్టి మీద ముందు తెల్లమట్టి పూత వేసి, రాగి నుంచి వచ్చే ఆకుపచ్చ, మాంగనీస్ నుంచి వచ్చే గోధుమ రంగు చిలకరించి, సీసం కలిపిన గ్లేజ్ (గాజులాంటి మెరుపు పూత) వేసి కాల్చేవారు. ఆవం వేడికి రంగులు కరిగి కిందికి జారి ధారలు కట్టేవి. ఏ రెండు కుండీల మీదా ఆ ధారలు ఒక్కలా ఉండవు.

అసలైన పాత కుండీ ఎదురైతే నిలబడి చూడకండి, కూర్చుని చూడండి. అంచు దగ్గర, దండల మీద గ్లేజ్ పెచ్చులుగా లేచిపోయి ఎర్రమట్టి బయటపడి ఉంటుంది. చలికాలంలో మట్టిలోకి ఇంకిన నీరు గడ్డకట్టి దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి గ్లేజ్ లేస్తుంది. అలా ఏళ్ల క్రితం లేచిన పెచ్చు అంచు వేలికి గుచ్చుకోదు, వానకూ గాలికీ అరిగి నున్నబడి ఉంటుంది. నీళ్లు పడే వైపు, నీడ వైపు, చెయ్యి ఆనే వైపు వేరు వేరుగా అరుగుతాయి. తర్వాత లోపలికి తొంగి చూడండి. మట్టి ఎంతవరకు నింపేవారో అంతవరకు సున్నపు తెల్లటి చార ఉంటుంది. అడుగు రంధ్రం చుట్టూ వేళ్లు నల్లటి మరక వదిలి ఉంటాయి. కొత్త కుండీని పాతదిగా చేసి అమ్మేవాళ్లు బయటి పెచ్చుల మీద శ్రమ పెడతారు, లోపలి గోడ దాకా రారు. పెచ్చులు నాలుగు వైపులా ఒకే లెక్కన ఉన్నాయంటే, లోపల కడిగినట్టు ఉందంటే, పాత ధర ఇవ్వకండి. ముద్ర ఉందని తొందరపడకండి. ముద్రకు అచ్చు తీయడం కష్టమేమీ కాదు. ఆండ్యూజ్‌లో కుమ్మరి పని ఇప్పటికీ నడుస్తోంది, ఇవాళ చేసిన కుండీల మీద కూడా ముద్రలుంటాయి. అవి కొనడానికి వెనకాడక్కర్లేదు. కొత్తదాన్ని కొత్తదిగా, కొత్త ధరకు కొనుక్కుంటే ఎవరికీ నష్టం లేదు.

ఇదే నిమ్మ, నారింజ చెట్ల కోసం రాజుగారి ఇంట్లో ఇంకో రకం తొట్టి పుట్టింది. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కోసం వెర్సాయ్‌లో 1684, 1686 మధ్య జూల్ హర్డువా-మాన్సార్ కట్టిన నారింజ చెట్ల చలికాలపు మందిరం ఉంది. ఇప్పటికీ అందులో వెయ్యికి పైగా చెట్లుంటాయి. నారింజ, నిమ్మతో పాటు మన దానిమ్మ, గన్నేరు కూడా వాటిలో ఉన్నాయి. మే నెలలో బయటికి తెస్తారు, అక్టోబర్లో లోపలికి చేరుస్తారు. వాటిని పెట్టే నలుచదరపు పెట్టెకు నాలుగు మూలలా ఇనుప చట్రం, మధ్యలో ఓక్ పలకలు. ఆ పలకలు తలుపుల్లా తెరుచుకుంటాయి. చెట్టును పెళ్లగించకుండా పక్కనుంచి వేళ్లు కత్తిరించి, మట్టి మార్చే వీలుంటుంది. ఇవాళ బజార్లో 'వెర్సాయ్ ప్లాంటర్' అని అమ్మేవాటిలో చాలావాటికి ఆ పలకలు తెరుచుకోవు. మేకులు కొట్టి బిగించేసి ఉంటాయి. మూలల మీది గుండ్లు మాత్రం మెరుస్తుంటాయి. పని పోయి వేషం మిగలడమంటే నా దృష్టిలో ఇదే.

తోటతొట్టి చిన్న వస్తువని అనుకునేవాళ్లకు జోసెఫ్ మోనియే సంగతి చెప్పాలి. ఆయన తోటమాలి. చెక్కతొట్లు కుళ్లిపోతున్నాయి, మట్టికుండీలు పగిలిపోతున్నాయి అని ఇనుప తీగల వల చుట్టూ సిమెంటు మెత్తి తొట్లు చేశాడు. 1867లో వాటికి పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్ల స్లాబుల్లో ఇవాళ పోస్తున్న ఆర్.సి.సి.కి మూలపురుషుల్లో ఆయనొకరు. ఆ ఏడాదే ప్యారిస్‌లో ప్రారంభమైన బ్యూత్-షోమోన్ పార్కులో చెట్టుకొమ్మల్లా కనిపించే సిమెంటు కటకటాలు ఉన్నాయి. బెరడు, కణుపులు, తెగిన కొమ్మ మొదలు, అన్నీ పచ్చి సిమెంటు మీద చేత్తో దిద్దినవే. ఆ తరహా తొట్లు, బల్లలు ఫ్రెంచ్ తోటల్లో విరివిగా కనిపిస్తాయి. చేత్తో దిద్దినదాంట్లో రెండు కణుపులు ఒక్కలా ఉండవు. అచ్చులో పోసిన నకలులో అదే కణుపు మళ్లీ మళ్లీ వస్తుంది, రెండు నిమిషాలు చూస్తే దొరికిపోతుంది.

పోత ఇనుము కలశాలకు అంత చెప్పాల్సిన పని లేదు. ఓత్-మార్న్ జిల్లాలోని వాల్ దోన్ లాంటి కార్ఖానాలు 19వ శతాబ్దిలో వాటిని పెద్దయెత్తున పోశాయి. ప్యారిస్ వీధుల్లో కనిపించే ఆకుపచ్చ వాలెస్ మంచినీటి పంపులు పోసింది కూడా వాల్ దోన్ కార్ఖానాయే. కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. అంటుకోకపోతే అది అల్యూమినియమో, రెసినో. పాతవాటిలో పీఠం, కాడ, గిన్నె విడివిడిగా పోసి బోల్టులతో కలిపి ఉంటాయి. రంగు పెచ్చు లేచిన చోట కింద ఇంకో రంగు, దాని కింద ఇంకో రంగు కనిపిస్తే మంచి సూచన. ఏళ్ల తరబడి పట్టిన తుప్పు ముదురు గోధుమ రంగులో గట్టిగా ఉంటుంది. కావాలని పట్టించిన తుప్పు నారింజ రంగులో ఉండి వేలికి అంటుతుంది.

ఇక వంటింటి నుంచి తోటలోకి వచ్చిన పాత్రలు. నైరుతి ఫ్రాన్స్‌లో బాతు, పెద్దబాతు మాంసాన్ని దాని కొవ్వులోనే నిదానంగా ఉడికించి, కుండలో పెట్టి, పైన అదే కొవ్వు గాలి చొరకుండా పోసి నెలల తరబడి నిలవ చేసేవారు. ఆ కుండను చూస్తే మన ఆవకాయ జాడీ గుర్తొస్తుంది. ఇక్కడ నూనె చేసే పని అక్కడ కొవ్వు చేస్తుంది. పై సగం పసుపుపచ్చ గ్లేజ్, అప్పుడప్పుడు ఆకుపచ్చ. కింది సగం ఉత్త మట్టి. చల్లటి నేలమాళిగలో ఉండేది. రెండు పక్కలా చిన్న చెవులు. ఈ కుండ అలంకరణ దుకాణంలో ఎండుపూలు పెట్టుకుని కూర్చోవడం మొన్నమొన్నటి మాట. మధ్యధరా తీరంలో బ్యోట్ అనే ఊరి నూనె జాడీలు దీనికి సరిగ్గా ఎదురు. వాటికి గ్లేజ్ లోపలి గోడకూ మూతి అంచుకూ మాత్రమే ఉంటుంది, బయటంతా ఉత్త మట్టి. ఆలివ్ నూనె ఇంకిపోకుండా లోపలే పూత కావాలి కదా. గ్లేజ్ ఎక్కడుందో చూసి ఆ పాత్ర ఏం మోసేదో చెప్పేయొచ్చు. బయటంతా మెరిసిపోతూ లోపల ఉత్త మట్టితో ఉన్న 'నూనె జాడీ' కనిపిస్తే, నూనె చుక్క కూడా ఎరగని జాడీ అది.

ఒక జాగ్రత్త. ఈ పాత గ్లేజుల్లో సీసం ఉంటుంది. ఆ పాత్రల్లో పచ్చళ్లు, పులుపు, తాగే నీళ్లు పెట్టకండి. కొత్తిమీర, పుదీనా లాంటి తినే మొక్కలు నేరుగా నాటకండి. పాత రంగు వేసిన చెక్క సామానును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దడం కూడా మానండి. ఆ దుమ్ములో సీసం ఉండే అవకాశం ఎక్కువ. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ మాట అసలు మరవకండి.

ఇంటి సామానులో నేను అన్నిటికన్నా ఇష్టంగా చూసేది ప్రొవాన్స్ ప్రాంతపు రొట్టెల అలమర. దాన్ని పానెతియేర్ అంటారు. వాల్‌నట్ కర్రతో చేసిన చిన్న పెట్టె, ముందూ పక్కలా తరిమెన పట్టిన సన్నని కర్రల వరస, మధ్యలో తాళం ఉన్న చిన్న తలుపు. పిండి పిసికే తొట్టికి పైన గోడకు వేలాడదీసేవారు. కర్రల సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి రొట్టె బూజు పట్టదు, గోడ మీద ఉంది కాబట్టి ఎలుకకు అందదు. ఆ అవసరాల మీదే వడ్రంగి తన కళంతా చూపించాడు. అంచుల మీద గోధుమ కంకులు, ఆలివ్ కొమ్మలు, పూలు చెక్కాడు. ఉత్తరాన నార్మండీలో ఇదే స్థానం పెళ్లి అలమరది. ఓక్ కర్ర, తలుపుల మీద పావురాల జంట, పూలబుట్ట. అలాంటి అలమరల్లో చాలావాటిని చెక్క సీలలతో బిగించేవారు. సీలలు తీస్తే విడిపోతుంది, ఇంకో ఇంట్లో మళ్లీ నిలబెట్టుకోవచ్చు.

చెక్క సామాను ముందు నిలబడితే ముఖం చూడటం చివరికి పెట్టుకోండి. ముందు వెనక్కి వెళ్లండి. చేతిపనిలో వెనక పలకలు నునుపు చేయరు, రంపపు గీతలు అలాగే ఉంటాయి. ఆ గీతలు వంపు తిరిగి ఉంటే గుండ్రటి యంత్రపు రంపంతో కోసిన పలక, 19వ శతాబ్దికి ముందుదయ్యే అవకాశం చాలా తక్కువ. సొరుగు బయటికి లాగి అడుగు చూడండి. లాగి లాగి కింది అంచు ఒక వైపు ఎక్కువ అరిగి ఉండాలి. తాళం చుట్టూ వేళ్లు తగిలి నల్లబడి ఉండాలి. జమ్ము అల్లిన కుర్చీ అయితే ముందరి అడ్డకర్ర మీద బూట్లు ఆనించి ఆనించి పల్లంపడి ఉండాలి. చెయ్యి తగలని మూలల్లో, కాలు ఆనని చోట్ల ఉప్పుకాగితంతో గీకి 'పాతబడిన' కుర్చీలు బోలెడు దొరుకుతాయి. ఏ మనిషీ కూర్చోని చోట అరిగిన కుర్చీని నమ్మకండి.

ఫ్రాన్స్‌లోనే కొంటుంటే ప్రొవాన్స్‌లోని లిల్-స్యుర్-లా-సోర్గ్ ఊరికి ఆదివారం వెళ్లండి. పాత సామాను దుకాణాలకు ఆ ఊరు పేరుమోసింది. కొనేటప్పుడు రసీదు రాయించుకోండి, అందులో ఏ మాట రాశారో చదవండి. 1981 మార్చి 3 నాటి ఫ్రెంచ్ డిక్రీ ప్రకారం ఒక కాలాన్నో శతాబ్దినో చెప్పి 'ఎపోక్' అని రాస్తే ఆ వస్తువు నిజంగా ఆ కాలంలో తయారైందని అమ్మేవాడు పూచీ ఇచ్చినట్టు. 'స్తీల్' అని రాస్తే ఆ పూచీ లేదు, ఆ తరహాలో చేసిందని మాత్రమే. నోటితో వంద మాటలు చెప్పి రసీదులో రెండో మాట రాసే దుకాణం దగ్గర బేరం ఆపేయండి.

ఇంటికి తెచ్చాక ఏం చేయాలి? మన వాతావరణంలో మంచు గడ్డల భయం లేదు. ఎండ, వాన, చెద, దోమ ఉన్నాయి. ఇనుము, జింకు తొట్లు మే నెల ఎండకు కాలిపోతాయి, వేళ్లు ఉడికిపోతాయి. మొక్కను వేరే కుండీలో పెట్టి, ఆ కుండీని తొట్టిలో దించి, మధ్య సందులో కొబ్బరి పీచు కూరండి. రంధ్రం లేని పాత పాత్రకు బెజ్జం వేయకండి. పాత మట్టి బీట వారుతుంది, దాని విలువా పోతుంది. అలాంటివాటిలోనూ లోపలి కుండీ పద్ధతే మంచిది. ఓడలో వచ్చిన చెక్కతొట్టిని నేల మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద ఎత్తండి, చెదలు పడితే వెంటనే కనిపిస్తాయి, గాలి ఆడుతుంది. వానాకాలంలో పళ్లాల్లోనూ తొట్టి అడుగునా నీళ్లు నిలవనీయకండి. డెంగీ దోమకు ఆ మాత్రం నీళ్లు చాలు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో బరువు లెక్క చూసుకోండి. లీటరు తడి తోటమట్టి ఒకటిన్నర కిలో దాకా తూగుతుంది, అంటే 60 లీటర్ల తొట్టికి మట్టి బరువే 90 కిలోలు.

లావెండర్ కావాలని అందరూ అడుగుతారు. కోస్తా ఉక్కకు, వానకు అది నిలవదు. దాని కోసం ఏటా డబ్బు పోయొద్దు. వెర్సాయ్ తొట్లలో మూడు వందల ఏళ్లుగా పెరుగుతున్న దానిమ్మ, నిమ్మ, గన్నేరు మన పెరట్లో తేలిగ్గా బతుకుతాయి. ఆ కుండీలకు తగిన చెట్లు అవే. గన్నేరు విషం కాబట్టి పిల్లలకూ పశువులకూ అందని చోట పెట్టండి.

ఇంకొకటి. ఈ శైలిలో కుర్చీ దిండ్లకు, కర్టెన్లకు వాడే చిన్నచిన్న పూల అద్దకం బట్టలు ప్రొవాన్స్ సొత్తుగా చెలామణీ అవుతున్నాయి. వాటి మూలం మన తీరాల్లో ఉంది. ఫ్రెంచ్ వర్తకులు 1669లో గోల్కొండ సుల్తాన్ అనుమతితో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానిన బట్ట మీద పటిక అద్ది, చిరివేరుతో ఉడికిస్తే పటిక పడిన చోటే ఎరుపు పడుతుంది, ఉతికినా వెలవదు. అలా ఉతుక్కి నిలిచే అద్దకం రంగులు అప్పటి యూరప్‌కు చేతకావు. కోరమాండల్ బట్టల కోసం ఫ్రాన్స్ ఎంతగా ఎగబడిందంటే, అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు మొత్తుకోగా 1686లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1759 దాకా నిషేధం ఎత్తలేదు. ఎత్తిన మరుసటి ఏడాదే ఓబెర్‌కాంఫ్ వెర్సాయ్ దగ్గర జూయిలో అద్దకం కార్ఖానా పెట్టాడు. కాబట్టి జమ్ము కుర్చీకి దిండు కావాలంటే విదేశీ బట్ట తెప్పించనక్కర్లేదు. మచిలీపట్నం దగ్గరి పెడన వెళ్లి చేతి అచ్చులతో అద్దిన కలంకారీ తెచ్చుకోండి. సహజ రంగులు నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతాయి, ఇంటి లోపలే వాడండి.

కొనడంలో నా సలహా ఒకటే. సెట్టు కొనకండి. ఫ్రెంచ్ రైతు ఇంట్లో ఏదీ సెట్టుగా రాలేదు. అలమర పెళ్లితో వచ్చింది, కుండ సంతలో వచ్చింది, తొట్టి పంట అవసరానికి వచ్చింది. ఏడాదికి ఒక్క వస్తువు, అదీ పూర్తిగా అర్థమయ్యాక తెచ్చుకోండి.

మీ సొంత ఇంట్లోని పాత సామానుకూ ఇదే కన్ను పెట్టండి. విదేశాల్లో ఉన్నవాళ్లు నాయనమ్మ గారి కంచు విగ్రహమో, చెక్కడపు పనిచేసిన పెట్టెనో పట్టుకెళ్లాలనుకుంటే 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం తెలుసుకోండి. వందేళ్లు దాటిన అలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. సందేహం ఉంటే పురావస్తు శాఖను అడిగి, ఇది పురావస్తువు కాదన్న పత్రం తీసుకోండి. పట్టుకెళ్లినా, ఇంట్లోనే ఉంచుకున్నా ప్రతి పాత వస్తువుకూ ఓ చీటీ రాయండి. గంగాళం ఉందనుకోండి, అది ఏ ఊరిది, ఎవరి పెళ్లికి వచ్చింది, దేనికి వాడేవారు, ఏ సంవత్సరం అతుకు వేయించారు, ఇవన్నీ ఇంటి పెద్దవాళ్లను అడిగి రాసి, వస్తువు అడుగున దారంతో కట్టండి. చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే ఆ పని చేయండి.